అడవికి వెళ్ళేవారు వెంట ఉంచుకోవలసిన చిన్న వస్తువులు



మీ మనిషి వార్డులో ఉన్నప్పుడు మీరు వరండాలో గంటలకొద్దీ కూర్చోవలసి వస్తుంది. ఆ సమయంలో ఈ పాఠాన్ని నిదానంగా చదవండి. పక్కన చదువురాని వారుంటే వారికి కూడా చదివి వినిపించండి.

అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల, కొల్లాపూర్ వైపు వారికి, అలాగే దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము వైపు వారికి నల్లమల అడవి ఇంటి పెరడు లాంటిది. చెంచులు తేనెకు, బంకకు, గడ్డలకు వెళ్తారు. గొల్లకురుమలు ఎండాకాలంలో మేత కోసం మందలను తోలుకొని పోతారు. తునికాకు కోసే రోజుల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే బయలుదేరుతారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్ళేవారు రాళ్ళదారిలో లోయలోకి దిగి, మళ్ళీ ఎండలో ఎక్కి రావాలి. ఇలా వెళ్ళినవారిలో కొందరు తిరుగుదారిలో ఇంటికి కాకుండా ఆసుపత్రికి వస్తారు. వారిని మోసుకొచ్చిన వాళ్ళను "వెంట ఏముంది?" అని అడిగితే చాలాసార్లు "సద్ది, నీళ్ళ సీసా" అంటారు. కొందరి దగ్గర నీళ్ళు కూడా ఉండవు.

పాతతరం వారు ఇంత ఖాళీ చేతులతో వెళ్ళేవారు కాదు. ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్ర పండితుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అప్పటి హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి, చెంచుల మధ్య ఉండి, 1943లో వారి గురించి పుస్తకం ప్రచురించారు. విల్లంబులు, గడ్డలు తవ్వే కర్ర, కత్తి, గొడ్డలి, ఇలా చెంచుల దగ్గర ఉండేది కొంచెమే. అందులో ప్రతి వస్తువుకూ ఒక పని ఉండేది. మనం నేర్చుకోవలసింది అదే. సంచి పెద్దది కానవసరం లేదు. అందులో ఉన్నది సమయానికి పనికిరావాలి.

ఆ చిన్న సంచి ఎందుకో ముందు అర్థం చేసుకుందాం. పాము కాటుకు, వడదెబ్బకు, విరిగిన కాలికి అసలు వైద్యం ఆసుపత్రిలోనే ఉంది. ప్రమాదం జరిగిన చోటుకు, ఆసుపత్రికి మధ్య కొన్ని గంటల దారి ఉంది. అప్పాపూర్ లాంటి లోపలి పెంటల నుంచి తారురోడ్డుకు రావడానికే చాలా సమయం పడుతుంది. చాలాచోట్ల ఫోను సిగ్నలు కూడా అందదు. ఆ కొన్ని గంటలు మనిషిని నిలబెట్టడానికే ఈ వస్తువులు. ఇవి వైద్యానికి బదులు కావు, వైద్యం దాకా తీసుకువచ్చే తోడు.

1. నీళ్ళు, రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు

ఎండలో నడిచే ఒక్కొక్కరికి కనీసం రెండు, మూడు లీటర్ల నీళ్ళు కావాలి. దాహం వేసేదాకా ఆగకండి. అరగంటకోసారి కొన్ని గుక్కలు తాగండి. చెమట బాగా పోసినా, విరేచనాలు అయినా వట్టి నీళ్ళు చాలవు. చెమటతో ఉప్పు కూడా పోతుంది.

ఓ.ఆర్.ఎస్. విలువ ఎంతో 1971లో లోకానికి తెలిసింది. అప్పటి యుద్ధంలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో కలరా సోకింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. వందకు ముప్పైమంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపు తగ్గింది. ఆ పని చేసినవారు మీలాంటి కుటుంబ సభ్యులేనని గమనించండి.

పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు మంచినీళ్ళలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెంగా గ్లాసులో వేసుకోకూడదు. కలిపిన నీళ్ళను 24 గంటల్లోపు వాడి, మిగిలినవి పారబోయాలి. పొట్లం లేకపోతే ఒక లీటరు నీళ్ళలో తలగొట్టిన ఆరు టీ స్పూన్ల చక్కెర, తలగొట్టిన అర టీ స్పూను ఉప్పు కలపండి.

దుకాణంలో కొనేటప్పుడు జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్.లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితోపాటు పొటాషియం, సిట్రేటు ఉంటాయి. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకుని చక్కెర ఎక్కువగా ఉన్న తీపి పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఈ సూత్రం ప్రకారం లేని పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అందుకే మందుల షాపులో పొడి పొట్లమే అడగండి. పైన ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూడండి.

వాగు నీళ్ళు తాగవలసి వస్తే క్లోరిన్ బిళ్ళలు వెంట ఉంచుకోండి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్ళ వేయాలో అట్ట మీద ఉన్నట్టే చేసి, అరగంట ఆగి తాగండి. పైకి తేటగా కనిపించినంత మాత్రాన నీళ్ళు శుభ్రమైనవి కావు.

2. పెద్ద తువ్వాల లేదా దస్తీ

ఇది ఒక్కటే పది పనులకు వస్తుంది. తలకు చుట్టుకుంటే ఎండ ఆపుతుంది. రక్తం కారే గాయం మీద మడతపెట్టి అదిమి పట్టవచ్చు. విరిగిన చేతిని మెడకు జోలెలా వేలాడదీయవచ్చు. తేనెటీగలు లేచినప్పుడు ముఖం, మెడ కప్పుకోవచ్చు.

వడదెబ్బ తగిలిన మనిషికి ఈ తువ్వాలే మందు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, తిక్కతిక్కగా ప్రవర్తిస్తే ఆ మనిషి శరీర వేడి 104 డిగ్రీలు దాటి ఉండవచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో ఒళ్ళంతా తడుపుతూ విసరండి. మెడ, చంకలు, గజ్జలు తప్పకుండా తడపండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబరుస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి.

3. చిన్న సబ్బు ముక్క

కుక్క, నక్క, కోతి, ఎలుగుబంటి, ఏది కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. రేబిస్ క్రిములను గాయంలోనే చాలావరకు చంపే పని ఈ సబ్బు ముక్క చేస్తుంది. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టకండి. కట్టు బిగించకండి. కడిగిన తరువాత అదే రోజు ఆసుపత్రికి రండి. టీకా మొదలుపెడితే మధ్యలో మానకుండా అన్ని మోతాదులు పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు. కడగడం, టీకా, రెండూ ముందే జరగాలి.

4. బ్యాండేజీ చుట్ట, శుభ్రమైన గుడ్డ, చిన్న పట్టకారు

నాలుగు అంగుళాల బ్యాండేజీ చుట్టలు రెండు, ఉతికి ఎండబెట్టి పాలిథీన్ సంచిలో చుట్టిన గుడ్డముక్కలు నాలుగు చాలు. గొడ్డలి జారి కాలు తెగినా, రాయి మీద పడి తల పగిలినా గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదమండి. ఆగిందో లేదో అని మాటిమాటికీ తీసి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి. పదిహేను నిమిషాలు ఆపకుండా అదిమితే చాలా గాయాల్లో రక్తం ఆగుతుంది.

ఎముక విరిగిందనిపిస్తే లాగి సరిచేయకండి. రెండు తిన్నని కర్రల మధ్య పెట్టి, పైన, కింద గుడ్డతో కట్టి కదలకుండా ఉంచండి. ముల్లు తీయడానికి పట్టకారు, సూది ఉంచుకోండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే గాయమైన రోజే మాకు చెప్పండి.

5. బ్యాటరీ లైటు

చీకట్లో పాము మీద కాలు వేయకుండా కాపాడేది ఇదే. ఫోనులో లైటు ఉంది కదా అనుకోకండి. ఫోను చార్జింగు 108కి మాట్లాడటానికి మిగలాలి. తెల్లవారుజామున కాలకృత్యాలకు వెళ్ళినా లైటు, కర్ర, కాళ్ళకు చెప్పులు ఉండాలి. పుట్టలో, రాళ్ళ సందులో, ఎండు ఆకుల కుప్పలో చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

రాత్రి అక్కడే పడుకునేవారు దోమతెర కూడా తీసుకువెళ్ళాలి. అంచులు పరుపు కిందికి దోపితే దోమలతోపాటు కట్లపాము కూడా లోపలికి రాదు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేలమీద నిద్రపోయేవారిని కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. అడవిలో పడుకొని లేచినవారికి రెప్పలు వాలుతుంటే కాటు గుర్తు కనబడకపోయినా వెంటనే తీసుకురండి.

6. ఈల

పది రూపాయల ఈల ఒకటి మెడలో వేసుకోండి. తప్పిపోయినవారు అరిచి అరిచి గొంతు ఎండి, కాసేపటికి మాట రాకుండా అయిపోతారు. ఈల ఊదడానికి అంత శక్తి అక్కరలేదు, ఎక్కువ దూరం వినిపిస్తుంది. మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నట్టు గుర్తు అని ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకోండి. దారి తప్పామని తెలిసినప్పుడు ఇంకా లోపలికి నడవకుండా నీడలో ఒకచోట ఆగండి. పిల్లలకు ఇది బాగా నేర్పండి.

7. మీ మందులు, ఒక చీటీ, బెల్లం ముక్క

బి.పి., షుగరు, ఫిట్స్, ఆస్తమా ఉన్నవారు రెండు రోజులకు సరిపడా మందులు ఎక్కువగా పెట్టుకోండి. జాతరకు ఉపవాసంతో నడిచే షుగరు రోగులు ముందుగా డాక్టరును అడగాలి. మందు వేసుకుని తినకుండా నడిస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలి.

ఒక చీటీ మీద పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు, ఉన్న జబ్బు, వాడే మందులు, పడని మందు రాసి పాలిథీన్‌లో చుట్టి జేబులో పెట్టండి. స్పృహ లేకుండా వచ్చిన మనిషి తరఫున ఆ చీటీయే మాతో మాట్లాడుతుంది.

నొప్పికి పారాసిటమాల్ బిళ్ళలు చాలు. పాము కాటు వేసినప్పుడు వేరే నొప్పి మాత్రలు వాడకండి. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని ఎక్కువ చేస్తాయి.

8. గొంగడి లేదా గట్టి దుప్పటి

గొర్రెల కాపరి భుజాన గొంగడి ఎలాగూ ఉంటుంది. చలికి, వానకు పనికొచ్చే ఆ గొంగడిని రెండు గట్టి కర్రలకు చుడితే మనిషిని మోసే మంచం అవుతుంది. పాము కాటుకు గురైనవారిని, కాలు విరిగినవారిని నడిపించకూడదు. మోసే దారి ముందే తెలిసి ఉంటే ఆ కంగారులో సమయం పోదు.

వెంట తీసుకుపోకూడనివి

బ్లేడు: పాము కాటు మీద కోసి రక్తం తీయడానికి కొందరు పెట్టుకుంటారు. కోస్తే విషం బయటికి రాదు. పింజరి కాటులో రక్తం గడ్డకట్టదు కాబట్టి ఆ కోత నుంచే రక్తం కారిపోతుంది.

బిగించే తాడు: కాటుకు పైన తాడు బిగిస్తే విషం ఆగదు. రక్తం మాత్రం ఆగుతుంది. తాడు కట్టిన కాలు నల్లబడి వచ్చినవారిని వార్డులో చూస్తూనే ఉంటాము. ప్రాణం దక్కినా కాలు దక్కనివారున్నారు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకండి. ఆసుపత్రిలో డాక్టరు ముందు విప్పాలి.

విషపురాయి, వేరు, పసరు: వీటితో పోయే గంటే ప్రాణం ఖరీదు.

సారా, కల్లు: ఎండలో ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, నడక తడబడేలా చేస్తాయి.

పాము కాటు వేస్తే ఏం చేయాలి?

2020లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరిగాయి. మనకు వ్యవసాయ పనులు, అడవి పనులు ఉండే కాలం అదే.

ధైర్యం చెప్పండి. కడియాలు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు తీసివేయండి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. కాటు పడిన చేతిని లేదా కాలిని కర్రతో కదలకుండా కట్టండి. ఈ కట్టు రక్తం ఆపేంత బిగుతుగా ఉండకూడదు. మనిషిని మోసుకురండి. కాటు వేసిన సమయం గుర్తుంచుకోండి. పామును చంపి తేవలసిన పని లేదు. దాని కోసం వెతికి ఇంకొకరు కాటు తిన్న సందర్భాలున్నాయి. మనకు దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసినది. ఈ ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. 108కి ఫోను చేసినప్పుడే పాము కాటు అని చెప్పి, మందు దగ్గరలో ఎక్కడ ఉందో అడగండి.

వేట గురించి ఒక మాట

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. దాన్ని పక్కన పెట్టి చూసినా అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు, నాటు బాంబులు ముందుగా కాటేసేది మన మనుషులనే. పక్క పొలం రైతు, మేకలు కాసే పిల్లవాడు వాటికి బలవుతారు. అలాంటి తీగ పెట్టిన సంగతి తెలిస్తే ఊరుకోకండి. కరెంటు తగిలిన మనిషిని చేత్తో పట్టి లాగకండి. ముందు కరెంటు సరఫరా ఆపించండి.

బరువు లేని వస్తువు

ఈ సంచిలో చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో చెప్పి వెళ్ళే మాట. ఏ దారిన వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు, ఏ పొద్దుకు తిరిగివస్తారు, రాకపోతే ఎవరిని పంపాలి, ఈ నాలుగూ చెప్పండి. ఒంటరిగా వెళ్ళకండి. కొండచరియ నుంచి తాడు మీద దిగి తేనె తీసే చెంచు, పైన తాడు పట్టడానికి భార్య తమ్ముణ్ణో అన్ననో నిలబెడతాడని చెబుతారు. అక్కచెల్లెలి బొట్టు కోసం అతను తాడు వదలడని నమ్మకం. అడవికి వెళ్ళే ప్రతివారికీ ఇంటి దగ్గర అలా తాడు పట్టేవారు ఒకరు ఉండాలి. ఇక్కడ కూర్చుని చదువుతున్న మీరే ఆ మనిషి కావచ్చు.

తిరిగి వచ్చాక

రెండు, మూడు వారాల లోపల జ్వరం వస్తే "అడవికి వెళ్ళి వచ్చాము" అని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మలేరియా కావచ్చు. పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూడండి. రెండింటికీ మంచి మందులున్నాయి. ఆలస్యమైతేనే ప్రమాదం.

గుర్తుంచుకోండి: నీళ్ళు, ఓ.ఆర్.ఎస్., తువ్వాల, సబ్బు ముక్క, బ్యాండేజీ, లైటు, ఈల, మందులు, చీటీ, గొంగడి. నీళ్ళు, గొంగడి తప్ప మిగిలినవన్నీ ఒక చిన్న చేతిసంచిలో పడతాయి. ఈ రోజే సర్ది తలుపు పక్కన కొక్కేనికి తగిలించండి. అడవికి బయలుదేరేవారు చెప్పులు వేసుకునేటప్పుడు ఆ సంచి కంటికి కనబడాలి. ఏదైనా అర్థం కాకపోతే వార్డులో ఉన్న సిస్టరును అడగండి. బ్యాండేజీ చుట్టడం, కర్రకట్టు కట్టడం మీ చేత చేయించి చూపిస్తాము.